కుక్కను చంపిందెవరో తెలిశాక మిగిలే ప్రశ్న

ఒక నవలను ఒకరు ఆకాశానికెత్తి, ఇంకొకరు తిట్టిపోస్తే అభిరుచుల తేడా అనుకుని వదిలేస్తాం. మార్క్ హాడన్ రాసిన 'ద క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ద డాగ్ ఇన్ ద నైట్-టైమ్' విషయంలో అలా వదిలేయడం కుదరదు. 2003లో వచ్చిన ఈ బ్రిటిష్ నవల ఒకేసారి పెద్దల పుస్తకంగానూ, పిల్లల పుస్తకంగానూ రెండు వేర్వేరు అట్టలతో బయటికొచ్చింది. ఆ ఏడాది విట్‌బ్రెడ్ బుక్ ఆఫ్ ద ఇయర్ అవార్డు, గార్డియన్ పిల్లల సాహిత్య బహుమతి రెండూ దీనికే దక్కాయి. లక్షల మంది చదివారు. "ఆటిజం అంటే ఏమిటో నాకు ఈ పుస్తకం వల్లే తెలిసింది" అన్నవాళ్లు అందులో చాలామంది. ఆటిజం ఉన్న పాఠకుల్లో అనేకమందికి ఒళ్లు మండేది సరిగ్గా ఆ మాటకే. మా గురించి మీకు చెప్పింది మేం కాదు, ఆటిజం లేని ఒక రచయిత అని వాళ్ల అభ్యంతరం.

నా మటుకు నాకు ఇది చాలా మంచి నవల. ఆటిజం గురించి తెలుసుకుంటానని ఎవరైనా అడిగితే మాత్రం ఇది చేతికివ్వను. ఈ రెండు మాటలూ ఒక్క మనిషే ఎలా అనగలడో చెప్పాలంటే కథ ముడి విప్పక తప్పదు. నవల చదవనివాళ్లు, చదవాలనుకునేవాళ్లు ఇక్కడ ఆగి, అది పూర్తిచేసి వచ్చినా నాకేం అభ్యంతరం లేదు.

కథ జరిగేది ఇంగ్లండ్‌లోని స్విండన్ అనే పట్టణంలో. చెప్పేవాడి పేరు క్రిస్టఫర్ జాన్ ఫ్రాన్సిస్ బూన్. వయసు 15 ఏళ్ల 3 నెలల 2 రోజులు. ప్రపంచంలోని దేశాలన్నిటి రాజధానులూ తెలుసు, 7,057 వరకూ ప్రధాన సంఖ్యలన్నీ తెలుసు. తను రాస్తున్న పుస్తకానికి అధ్యాయాల నంబర్లు కూడా ప్రధాన సంఖ్యలే పెట్టుకున్నాడు. అందుకని మొదటి అధ్యాయం 2, చివరిది 233. ఒక రాత్రి పన్నెండు దాటిన ఏడు నిమిషాలకు, మిసెస్ షియర్స్ ఇంటి ముందు పచ్చిక మీద ఆమె పెంపుడు కుక్క వెల్లింగ్టన్ చచ్చిపడి ఉంటుంది. దాని ఒంట్లోంచి తోటపని ఫోర్కు ఒకటి నిటారుగా నిలబడి ఉంటుంది. ఎవరు చంపారో కనిపెడతానని షెర్లాక్ హోమ్స్ అభిమాని అయిన క్రిస్టఫర్ బయల్దేరతాడు.

తల్లి జూడీ గుండెపోటుతో చనిపోయిందని అతనికి తండ్రి ఎడ్ చెప్పి ఉంటాడు. బాయిలర్లు బాగుచేసే పని చేసుకుంటూ కొడుకును ఒంటరిగా పెంచుతున్న మనిషి. కుక్క కేసు తవ్వుతూ పోతే బయటపడేది వేరే విషయం. తల్లి చనిపోలేదు. మిసెస్ షియర్స్ భర్త రోజర్‌తో కలిసి లండన్ వెళ్లిపోయింది. ఆమె కొడుక్కి రాసిన ఉత్తరాలన్నీ తండ్రి దాచేశాడు. కుక్కను చంపింది కూడా ఆ తండ్రే.

(హోమ్స్ కథలు చదివినవాళ్లకి ఇక్కడ ఒక చిన్న బోనస్ ఉంది. నవల పేరు 1892 నాటి ఒక హోమ్స్ కథలోంచి తీసుకున్నది. అందులో ఆ రాత్రి కుక్క మొరగలేదు. వచ్చినవాడు దానికి తెలిసినవాడు కాబట్టే మొరగలేదని హోమ్స్ పట్టేస్తాడు. హాడన్ అట్ట మీదే క్లూ ఇచ్చేశాడన్నమాట: హంతకుడు బయటివాడు కాదు.)

కథగా చూస్తే ఇది మామూలు కుటుంబ కలహం. పక్కింటివాళ్లతో సంబంధాలు, విడిపోవడాలు, పిల్లాడి దగ్గర దాచిన నిజం. మన టీవీ సీరియళ్లలో రోజూ నడిచేదే. పుస్తకం గొప్పతనమంతా చెప్పే గొంతులో ఉంది.

ఉత్తరాలు దొరికే చోటు చూడండి. తండ్రి లాక్కున్న తన నోటుపుస్తకం కోసం క్రిస్టఫర్ ఆయన గదిలో వెతుకుతుంటాడు. అల్మారాలో ఒక షర్టుల పెట్టె, అందులో తన పేరున వచ్చిన కవర్లు. ఒకటి తీసుకెళ్లి విప్పుతాడు. అమ్మ లండన్ నుంచి రాసిన ఉత్తరం. పోస్టు ముద్ర మీద తేదీ చూస్తే, అమ్మ పోయిందని చెప్పిన 18 నెలల తర్వాతది. మనకి గుండె ఆగినంత పనవుతుంది. క్రిస్టఫర్ మాత్రం ఇదొక మిస్టరీ అని ఉత్సాహపడతాడు. వేరే ఎవరి ఉత్తరమో తప్పు కవర్లో పడిందేమో అని ఆలోచిస్తాడు. కావలసినంత సమాచారం లేకుండా తేల్చకూడదని, ఉత్తరాన్ని దాచిపెట్టి, మళ్లీ వీలు దొరికే దాకా ఆగుతాడు. పాఠకుడు ఒక్క క్షణంలో పట్టేసిన నిజం కథకుడికి చేరడానికి పేజీలు పడుతుంది. ఆ పేజీలు తిప్పుతున్నంతసేపూ మన చేతిలో అతనికి చెప్పలేని రహస్యం ఒకటి ఉంటుంది. ఆ టెన్షన్ ఏ హత్య కథలోనూ నాకు తగల్లేదు.

తర్వాత మిగతా ఉత్తరాలు చదువుతాడు. అర్థమైపోతుంది. అప్పుడు అతను "నాకు బాధేసింది" అనడు, "నాన్న మోసం చేశాడు" అనడు. గది అటూ ఇటూ ఊగుతున్నట్టుంది, చాలా ఎత్తైన భవనం కొసన ఉన్న గది గాలికి ఊగినట్టు అంటాడు. ఇది కూడా ఉపమానమేనని పక్కనే గుర్తుచేస్తాడు. రూపకాలు అబద్ధాలనీ, ఉపమానం మాత్రం అబద్ధం కాదనీ అంతకుముందే మనకి చెప్పి ఉన్నాడు కాబట్టి, నేల కదిలిపోతున్న ఆ క్షణంలో కూడా తన లెక్క తప్పకుండా చూసుకుంటున్నాడు. ఆ తర్వాత కాసేపు అతనికేమీ గుర్తుండదు. తెలివి వచ్చేసరికి మంచం మీద వాంతి చేసుకుని ఉంటాడు. భావోద్వేగం తెలియనివాడు రాసిన పేజీ కాదిది. దానికి పేరు పెట్టకుండా, ఒంటి మీద జరిగింది జరిగినట్టు రాసినవాడి పేజీ. "అతనికి ఫీలింగ్స్ లేవు కదా పాపం" అనే పాఠకులను చూసినప్పుడల్లా ఈ చోటు మళ్లీ చదవమనాలనిపిస్తుంది.

ఇక ఆటిజం సంగతి. నవల లోపల ఆ పదమే లేదు. ఆటిజంలో ఒక రకంగా అప్పట్లో లెక్కేసిన ఆస్పెర్గర్ సిండ్రోమ్ అన్న పదమూ లేదు. క్రిస్టఫర్ తన 'ప్రవర్తన సమస్యల' జాబితా ఒకటి ఇస్తాడు: చాలాసేపు ఎవరితోనూ మాట్లాడకపోవడం, తినకుండా తాగకుండా ఉండిపోవడం, ఎవరైనా తాకితే పడకపోవడం, అరవడం, ఇలా. పసుపు, గోధుమ రంగులంటే పడదు. గోబీ ఆలూ సాగ్ ఇష్టం, కానీ పసుపుగా ఉంటుందని ఎరుపు ఫుడ్ కలర్ కలుపుకుని తింటాడు. (వంటింట్లో అన్నిటికీ పసుపు వేసే మనలాంటి వాళ్ల ఇంట్లో పుట్టి ఉంటే ఏమయ్యేదో.) బడికెళ్లే బస్సులోంచి వరసగా నాలుగు ఎర్ర కార్లు కనిపిస్తే అది మంచి రోజు, నాలుగు పసుపు కార్లు కనిపిస్తే చెడ్డ రోజు. డాక్టరు చీటీ మాత్రం పుస్తకంలో ఎక్కడా కనిపించదు.

ఆ చీటీ అంటించింది అట్ట. కొన్ని ఎడిషన్ల మీద కథకుడికి ఆస్పెర్గర్ సిండ్రోమ్ ఉందని అచ్చేశారు. పత్రికలూ అదే రాశాయి. స్కూళ్లలో, ట్రైనింగ్ క్లాసుల్లో ఆటిజం గురించి చెప్పేటప్పుడు ఈ నవలను సిఫారసు చేయడం మొదలైంది. 2009లో హాడన్ తన వెబ్‌సైట్లో దీని మీద సూటిగా రాశాడు. ఆ విషయం గురించి తనకు తెలిసింది చాలా తక్కువని, స్విండన్, పాడింగ్టన్ స్టేషన్ల లోపల ఫోటోలు తీసుకోవడం తప్ప నవల కోసం వేరే పరిశోధన చేయలేదని, ఆటిజం ఉన్న శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ మీద నాడీ వైద్యుడు ఆలివర్ శాక్స్ రాసిన వ్యాసం, మరికొన్ని పత్రికా వ్యాసాలు చదివానని, కావాలనే అంతకుమించి చదవలేదని ఒప్పుకున్నాడు. ఇది ఆస్పెర్గర్ గురించిన పుస్తకం కాదు, అందరికంటే వేరుగా ఉండడం గురించి, బయటివాడిగా ఉండడం గురించి అన్నాడు.

ఈ మాట కొందరికి నిజాయితీగా కనిపించింది, కొందరికి చేతులు దులుపుకున్నట్టు అనిపించింది. నాకు రెండూ సగం సగం నిజమనిపిస్తుంది. అట్ట మీద ఏం వేయాలన్నది రచయిత ఒక్కడి చేతిలో ఉండదు, ఆ పాపం మొత్తం ఆయన నెత్తిన వేయలేం. అయితే తాకనివ్వని, రూపకాలు మింగుడుపడని, లెక్కల్లో మేటి అయిన, ప్రత్యేక పాఠశాలలో చదివే కుర్రాణ్ని తీర్చిదిద్ది, ఆ లక్షణాలన్నీ అప్పటికి చలామణీలో ఉన్న ఆటిజం వర్ణనల్లోంచే ఏరుకుని, "ఇది దాని గురించి కాదు" అంటే పూర్తిగా ఒప్పుకోవడం కష్టం. పేరు పెట్టకపోయినా ఆనవాళ్లన్నీ ఇచ్చాక ఊళ్లో అందరూ గుర్తుపడతారు.

అసలు ముడి ఇంకా లోపల ఉంది. అది 163వ అధ్యాయంలో, ఒక స్మార్టీస్ గొట్టంలో దొరుకుతుంది.

స్మార్టీస్ అంటే మన జెమ్స్ లాంటి రంగురంగుల చాక్లెట్ బిళ్లలు. క్రిస్టఫర్ చిన్నప్పుడు జూలీ అనే టీచరు అతని ముందు స్మార్టీస్ గొట్టం పెట్టి ఇందులో ఏముందని అడుగుతుంది. స్మార్టీస్ అంటాడు. మూత తీస్తే లోపల చిన్న ఎర్ర పెన్సిల్. మళ్లీ మూతపెట్టి, ఇప్పుడు మీ అమ్మ వచ్చి చూస్తే ఇందులో ఏముందనుకుంటుంది అని అడుగుతుంది. పెన్సిల్ అంటాడు. అమ్మకి పెన్సిల్ సంగతి తెలియదన్న ఆలోచన అతనికి రాలేదు.

ఇది హాడన్ ఊహించింది కాదు. మనోవిజ్ఞానంలో నిజంగా ఉన్న పరీక్ష. దీనికి మూలం లాంటి ఇంకో ప్రయోగాన్ని 1985లో సైమన్ బారన్-కోహెన్, అలన్ లెస్లీ, ఊటా ఫ్రిత్ ప్రచురించారు. రెండు బొమ్మలు, శాలీ, యాన్. శాలీ తన గోలీని బుట్టలో పెట్టి బయటికెళ్తుంది. యాన్ దాన్ని తీసి పెట్టెలో పెడుతుంది. శాలీ తిరిగొచ్చి గోలీ కోసం ఎక్కడ వెతుకుతుంది? బుట్టలో అన్నది సరైన జవాబు, ఎందుకంటే మార్చిన సంగతి ఆమెకు తెలియదు. ఆటిజం ఉన్న 20 మంది పిల్లల్లో 16 మంది పెట్టెలో అన్నారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఎక్కువమంది సరిగ్గా చెప్పారు. దాంతో ఎదుటివాళ్ల మనసులో ఏముందో ఊహించే శక్తి ఆటిజం ఉన్నవాళ్లలో లోపించిందనే సిద్ధాంతం పుట్టింది. ఆ శక్తి పేరు 'థియరీ ఆఫ్ మైండ్'. 1990లలో ఈ సిద్ధాంతం ఎంత బలంగా నడిచిందంటే, ఆటిజం అంటే ఇదే అన్నంతగా.

ఆ సిద్ధాంతం మీద తర్వాత చాలా విమర్శలొచ్చాయి. ఆ 20 మందిలో నలుగురు సరిగ్గానే చెప్పారు కదా, వాళ్ల మాటేమిటి? ప్రశ్నలోని వాక్యమే మెలికలు తిరిగి ఉంటే, భాష దగ్గర తడబడ్డ పిల్లాడికి మనసు చదవడం రాదని ముద్ర వేయొచ్చా? 2012లో డేమియన్ మిల్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆయనకీ ఆటిజం ఉంది, ఇంకా మౌలికమైన మాట అన్నాడు. అర్థం చేసుకోలేకపోవడం ఒకవైపే లేదు. ఆటిజం లేనివాళ్లు కూడా ఆటిజం ఉన్నవాళ్ల మనసును అంతే దారుణంగా తప్పు చదువుతారు. పరీక్ష మాత్రం ఎప్పుడూ ఒక్కవైపు వాళ్లకే పెడతారు. దీన్నే డబుల్ ఎంపతీ సమస్య అంటున్నారు.

ఇప్పుడు నవలలోకి వస్తే, హాడన్ ఆ పాత సిద్ధాంతాన్ని ఎత్తుకొచ్చి పెట్టాడు, అది పాతబడిపోయింది కాబట్టి నవలా పాతబడిపోయింది అని కొందరి వాదన. నేను ఒప్పుకోను. ఆ అధ్యాయంలో స్మార్టీస్ కథ అయ్యాక క్రిస్టఫర్ ఏమంటాడో చాలామంది దాటేస్తారు. ఇది నాకు ఎప్పటికీ కష్టంగానే ఉంటుందని జూలీ అమ్మానాన్నలతో చెప్పింది, ఇప్పుడు నాకు కష్టంగా లేదు, ఇదొక పజిల్ అని నిర్ణయించుకున్నాను, పజిల్ అన్నాక విప్పే దారి ఉండి తీరుతుంది అంటాడు. నిపుణురాలు రాసిచ్చిన తీర్పును ఆ కుర్రాడే కొట్టేశాడు. ఆ తర్వాత మనిషి భావాల గురించి కూడా చెబుతాడు: రేపు ఏం జరగబోతుందో, జరిగినదానికి బదులు ఏం జరిగి ఉండేదో తలలోని తెర మీద బొమ్మగా చూసుకోవడమే భావమంటే. బొమ్మ బావుంటే నవ్వుతారు, బాగోలేకపోతే ఏడుస్తారు. నాకు తెలిసిన కొన్ని వేదాంత ప్రవచనాల కన్నా ఇది స్పష్టంగా ఉంది.

మాటలు వదిలేసి పనులు చూసినా అంతే. కుక్క కేసు వదిలెయ్యమని తండ్రి గట్టిగా చెప్పాక, ఎక్కడికెళ్లావని అడిగితే "బయటికెళ్లాను" అని మాత్రం చెబుతాడు. నిజమే చెప్పాను, మొత్తం నిజం చెప్పలేదంతే, ఇది అబద్ధం కాదు అని మనకి వివరిస్తాడు. తండ్రికి ఏం తెలుసో, ఏం తెలియదో లెక్క వేసుకోకపోతే ఆ జవాబు రాదు. కుక్కను చంపింది తనేనని తండ్రి ఒప్పుకున్నాక షెడ్డు వెనక నక్కుతాడు. రైల్లో పోలీసుకు దొరక్కుండా సామాన్ల అరలో పెట్టెల వెనక దూరి కూర్చుంటాడు. దాక్కోవడమంటేనే ఎదుటివాడి కళ్లతో చూడడం. స్మార్టీస్ పరీక్షలో తప్పినవాడు స్విండన్ నుంచి లండన్ దాకా అదే పరీక్షను పాసవుతూ వెళ్లాడు.

డబుల్ ఎంపతీ గురించి ఎవరైనా అడిగితే నేను చూపించేది నవల మొదట్లో పోలీసు వచ్చే చోటు. చచ్చిన కుక్క పక్కన మోకాళ్ల మీద కూర్చున్న కుర్రాడు. పోలీసు వరసపెట్టి ప్రశ్నలు వేస్తాడు. మరీ ఎక్కువ, మరీ వేగంగా. క్రిస్టఫర్‌కి టెర్రీ అంకుల్ పనిచేసే ఫ్యాక్టరీలో బ్రెడ్డు కోసే యంత్రం గుర్తొస్తుంది. కోత ఆలస్యమైనా వెనకనుంచి బ్రెడ్డు వస్తూనే ఉంటే యంత్రం జామ్ అయిపోతుంది కదా, తల అలా అయిపోయిందంటాడు. పచ్చిక మీద నుదురు ఆనించి మూలుగుతాడు. పోలీసు చెయ్యి పట్టుకుని లేపబోతాడు. ఇతను కొడతాడు. అరెస్టు. పోలీసుకు కనిపించింది తిరగబడుతున్న మొండి కుర్రాడు. క్రిస్టఫర్‌కి కనిపించింది చెప్పకుండా ఒంటి మీద చెయ్యి వేసిన అపరిచితుడు. అపార్థం ఇద్దరిదీ, కేసు మాత్రం ఒకడి మీదే. మిల్టన్ సిద్ధాంతానికి తొమ్మిదేళ్ల ముందే ఆ పేజీ అచ్చయింది. హాడన్ ఆలోచించి రాశాడో లేదో తెలియదు. మంచి నవలలు ఒక్కోసారి రచయిత చదివిన వ్యాసాల కన్నా ముందుకు వెళ్తాయి.

ఇంతవరకూ వెనకేసుకొచ్చాను. ఒప్పుకోవలసినవి కూడా ఉన్నాయి.

మొదటిది లెక్కలు. క్రిస్టఫర్ ప్రత్యేక పాఠశాల నుంచి ఏ-లెవెల్ (మన ఇంటర్ స్థాయి పరీక్ష) గణితం రాసి ఏ గ్రేడు తెచ్చుకుంటాడు. ఆటిజం అంటే ఏదో ఒక అద్భుత ప్రతిభ వెంట ఉంటుందన్న నమ్మకం 1988 నాటి ఒక హాలీవుడ్ సినిమాతో బలపడి, ఈ నవలతో ఇంకా గట్టిపడింది. ఆటిజం ఉన్నవాళ్లలో ఎక్కువమందికి అలాంటి ప్రతిభేమీ ఉండదు. మాటలే రాని వాళ్లున్నారు, రోజువారీ పనులకు తోడు కావలసినవాళ్లున్నారు, ఉద్యోగం చేసుకుంటూ ఎవరికీ తెలియకుండా నెట్టుకొస్తున్నవాళ్లున్నారు. అమ్మాయిల్లో, ఆడవాళ్లలో అయితే గుర్తించేసరికే ఏళ్లు గడిచిపోతాయి. వీళ్లెవరూ క్రిస్టఫర్‌లా ఉండరు. ఒక నవల అందరి గురించీ రాయనక్కర్లేదు, నిజమే. పాఠకుడికి తెలిసింది ఆ ఒక్క నవలే అయినప్పుడు వచ్చే చిక్కు ఇది.

రెండోది హాస్యం. కొన్ని చోట్ల నవ్వు లోకం మీదికి వెళ్తుంది, అక్కడ పుస్తకం అద్భుతంగా ఉంటుంది. కొన్ని చోట్ల మాత్రం కుర్రాడికి అర్థం కానిది మనకి అర్థమైందన్న సంతోషంలోంచి నవ్వు వస్తుంది. మిసెస్ అలెగ్జాండర్ అనే పొరుగింటి పెద్దావిడ, మీ అమ్మా మిస్టర్ షియర్సూ చాలా మంచి స్నేహితులు అని నాన్చినప్పుడు అతను సూటిగా అడిగే ప్రశ్నకు చదివేవాళ్లు నవ్వకుండా ఉండలేరు. ఆ నవ్వులో కొంచెం పైచేయి ఉంది. ఆటిజం ఉన్న పాఠకురాలు ఒకామె అదే పేజీ చదువుతోందనుకోండి, ఆ నవ్వు ఎవరి మీదో ఆమెకు వెంటనే తెలుస్తుంది.

మూడోది కొట్టడం. పోలీసును కొట్టడం, కోపంలో విసిరిన చెక్క తగిలి తల్లి కాలివేళ్లు విరగడం, జేబులో స్విస్ కత్తి పట్టుకుని తిరగడం. నిజ జీవితంలో ఆటిజం ఉన్న పిల్లలు హింస చేసేవాళ్లుగా కాదు, వేధింపులకు గురయ్యేవాళ్లుగానే ఎక్కువ కనిపిస్తారు. నవల బరువు రెండోవైపు పెట్టి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

తల్లిదండ్రుల సంగతి దీనికి పూర్తిగా వేరు, నన్నడిగితే పుస్తకంలో అన్నిటికన్నా బలమైన భాగం. కొడుకుని కౌగిలించుకోవడానికి వీల్లేదు కాబట్టి, ఎడ్ చేతివేళ్లు విసనకర్రలా విప్పి చూపిస్తే క్రిస్టఫర్ కూడా విప్పుతాడు, ఇద్దరి వేళ్లూ తాకించుకుంటారు. ప్రేమిస్తున్నానని చెప్పడానికి వాళ్లింట్లో అదే పద్ధతి. అంత ఓపికున్న మనిషే కుక్కను పొడిచి చంపాడు, ఉత్తరాలు దాచాడు, తల్లి చచ్చిపోయిందని చెప్పాడు. తల్లి ఉత్తరంలో ఒక సంగతి ఉంటుంది. క్రిస్మస్ ముందు రద్దీగా ఉన్న షాపులో క్రిస్టఫర్ నేల మీద పడి కేకలు పెడితే తను ఎలా కుప్పకూలిపోయిందో, ఎడ్ ఎంత నిబ్బరంగా ఉండేవాడో, నేను మంచి తల్లిని కాలేకపోయాను అని ఎలా అనిపించిందో రాస్తుంది. ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు ఈ నవలను గుండెలకు హత్తుకున్నారంటే కారణం అదే. ఆటిజం ఉన్న పెద్దలు ఇదే భాగం చదివి, మళ్లీ మమ్మల్ని బరువుగానే చూపించారు అన్నా తప్పు పట్టలేను. ఒక్క విషయం మాత్రం గమనించాలి. ఈ కథలో అబద్ధం చెప్పనివాడు ఒక్కడే. జనంతో కలవలేడని అందరూ అనుకున్నవాడు. జనంతో కలవడం బాగా తెలిసిన పెద్దలంతా ఒకరినొకరు మోసం చేసుకున్నవాళ్లు.

ఆస్పెర్గర్ అన్న పేరు కూడా ఇప్పుడు వాడుకలోంచి తప్పుకుంటోంది. 1944లో ఇలాంటి పిల్లలను వర్ణించిన వియన్నా వైద్యుడు హాన్స్ ఆస్పెర్గర్ పేరున, 1981లో లోర్నా వింగ్ అనే బ్రిటిష్ డాక్టరు ఈ మాటను ప్రచారంలోకి తెచ్చింది. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దాన్ని విడిగా ఉంచకుండా ఆటిజం స్పెక్ట్రంలో కలిపేసింది. 2018లో వెలువడిన చరిత్ర పరిశోధనలు, ఆస్పెర్గర్ నాజీల కాలంలో కొందరు పిల్లలను ష్పీగెల్‌గ్రుండ్ క్లినిక్‌కి పంపాడని బయటపెట్టాయి. అక్కడ వైకల్యం ఉన్న పిల్లలను చంపేవారు. అట్ట మీద ఒకప్పుడు గర్వంగా వేసిన పేరు ఇప్పుడు చాలామంది నోట పలకడానికి ఇష్టపడనిది అయింది. లోపలి పేజీల్లో ఏ పేరూ లేకపోవడం చివరికి నవలకు మేలే చేసింది.

మన దగ్గర ఈ పుస్తకం ఎక్కువగా ఇంగ్లీషు మీడియంలో చదువుకున్నవాళ్ల చేతుల్లోనే తిరిగింది. పిల్లాడు రెండున్నరేళ్లొచ్చినా మాట్లాడకపోతే, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోతే, "వాళ్ల నాన్నకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయి లే" అని ఊరుకోబెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఇళ్లకు కావలసింది నవల కాదు, పరీక్ష చేసి చెప్పే మనిషి. భారతీయ పిల్లల కోసం తయారైన ఆటిజం అంచనా స్కేలు, ఐఎస్‌ఏఏ, రూపుదిద్దుకుంది సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థలోనే. అందులో 40 అంశాలు ఉంటాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం స్పెక్ట్రం ఒకటి. ఆ 40 అంశాల్లో 7,057 దాకా ప్రధాన సంఖ్యలు చెప్పగలడా అన్న ప్రశ్న లేదు. మన బంధువులు అడిగే మొదటి ప్రశ్న మాత్రం తరచూ అదే: "లెక్కల్లో బాగా చురుకంట కదా?"

నవలను సైమన్ స్టీఫెన్స్ నాటకంగా మలిచాడు. 2012లో లండన్ నేషనల్ థియేటర్లో మొదలై, 2013లో ఏడు ఒలివియర్ అవార్డులు, బ్రాడ్‌వే వెళ్లాక 2015లో ఉత్తమ నాటకంగా టోనీ తెచ్చుకుంది. అదే ఏడాది అమెరికాలో ఫ్లోరిడాలోని ఒక హైస్కూలు, బూతులున్నాయన్న ఫిర్యాదులతో నవలను వేసవి పఠనం జాబితాలోంచి తీసేసింది. (బూతులన్నీ పెద్దవాళ్లవి. కుర్రాడు విన్నది విన్నట్టు రాశాడంతే.) తనకు ఆటిజం ఉందని బాహాటంగా చెప్పుకున్న నటుడు క్రిస్టఫర్ పాత్ర వేయడానికి మాత్రం 2017 దాకా ఆగాల్సి వచ్చింది. ఇండియానా రెపర్టరీ థియేటర్లో మిక్కీ రో వేశాడు. అవార్డులన్నీ అయ్యాక.

నాటకం చివర ఒక మార్పు ఉంది, అది నాకు నచ్చలేదు. నవల ముగింపులో క్రిస్టఫర్ లెక్క చెబుతాడు: ఒంటరిగా లండన్ వెళ్లాను, కుక్కను ఎవరు చంపారో కనుక్కున్నాను, అమ్మను కనుక్కున్నాను, ధైర్యంగా ఉన్నాను, పుస్తకం రాశాను, కాబట్టి నేను ఏదైనా చేయగలను. నాటకంలో ఇదే మాటను ప్రశ్నగా మార్చారు. దీనర్థం నేను ఏదైనా చేయగలననేనా అని తన టీచరు శివాన్‌ను అడుగుతాడు. ఆమె జవాబు చెప్పదు. చూసినవాళ్లు గొప్ప ముగింపు అన్నారు. వేదిక మీద ఆ నిశ్శబ్దం పనిచేస్తుంది కూడా. నవలలో ఆ అనుమానం చదివేవాళ్లది. స్విండన్‌లోనే ఒక్క గదిలో అమ్మ, వేరే ఇంట్లో నమ్మకం పోయిన నాన్న, ముందు చదువు ఎలా సాగుతుందో తెలియదు, ఏదైనా చేయగలనంటున్నాడు ఈ కుర్రాడు అని మనమే తటపటాయిస్తాం. అతనికి తటపటాయింపు లేదు. నాటకం మన అనుమానాన్ని తీసుకెళ్లి అతని నోట్లో పెట్టింది.

నవలకు ఆ తర్వాత ఒక అనుబంధం కూడా ఉంది, సాధారణంగా ఎవరూ చదవరు. ఏ-లెవెల్ పరీక్షలో తనకు బాగా నచ్చిన ప్రశ్న. ఒక త్రిభుజం భుజాలు n²+1, n²−1, 2n అయితే, n ఒకటి కన్నా పెద్దదైతే, అది లంబకోణ త్రిభుజమని నిరూపించాలి. దానికి విపర్యయం తప్పని కూడా ఉదాహరణతో చూపించాలి. 25, 60, 65 భుజాలున్న త్రిభుజం లంబకోణ త్రిభుజమే, కానీ ఆ సూత్రంలో ఇమడదు. క్రిస్టఫర్ ఈ జవాబును కథలోనే పెడదామనుకున్నాడు. కథ చదివేవాళ్లకి లెక్క జవాబు అక్కర్లేదు, కావాలనుకున్నవాళ్లు చూసుకునేలా చివర్న పెట్టు అని శివాన్ చెప్పింది. అందుకని చివర్న పెట్టాడు. తనకు అన్నిటికన్నా ఇష్టమైన పేజీ ఎదుటివాళ్లకి ఇష్టం ఉండకపోవచ్చని ఒప్పుకుని, దాన్ని వెనక్కి జరిపాడు. స్మార్టీస్ గొట్టంతో జూలీ పెట్టిన ప్రశ్నా ఇలాంటిదే.